రెండో మాటకే క్రియ

స్వీడన్‌లో ఇంగ్లీషుతో బతికేయొచ్చన్న మాట నిజమే. బ్యాంకులో, బస్సులో, కిరాణా కొట్లో ఎవరూ ఇబ్బంది పెట్టరు. మనం స్వీడిష్‌లో మొదలుపెట్టి ఒక్క క్షణం తడబడితే చాలు, అవతలివాళ్ళే మర్యాదగా ఇంగ్లీషులోకి వచ్చేస్తారు. స్టాక్‌హోమ్‌కి పడమరగా రైల్లో గంట దూరంలో ఉండే మా వెస్తెరోస్‌లో, ఇంజనీరింగ్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళు చాలామంది ఏళ్ళ తరబడి అలాగే నెట్టుకొస్తున్నారు. నా ఉద్యోగం వేరు. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో, డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ విభాగంలో పనిచేస్తాను. అందరూ ఎనభై, తొంభై ఏళ్ళ పెద్దవాళ్ళు. జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోతుంటాయి. ఒకప్పుడు ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకి కూడా ఇప్పుడది పరాయి చప్పుడే.

అక్కడ తీరిగ్గా మాటలు వెతుక్కునే టైం ఉండదు. తెల్లవారుజామున ఒక పెద్దావిడ కోటు వేసుకుని, అమ్మ ఎదురుచూస్తోంది, ఇంటికెళ్ళాలి అంటూ తలుపు దగ్గర నిలబడుతుంది. ఆవిడ భయం తగ్గించే మాట అప్పటికప్పుడు నోట్లోంచి రావాలి. తెలుగులో అనుకుని, దాన్ని ఇంగ్లీషు చేసుకుని, అక్కణ్ణుంచి స్వీడిష్‌లోకి తెచ్చేసరికి ఆవిడ టెన్షన్ రెట్టింపవుతుంది. వ్యాకరణం తప్పినా ఆవిడ పట్టించుకోదు. ఆలస్యాన్ని మాత్రం ఇట్టే పసిగడుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకి మునిసిపాలిటీ ఉచితంగా స్వీడిష్ నేర్పుతుంది. ఎస్‌ఎఫ్‌ఐ అంటారు, ఎ నుంచి డి వరకు నాలుగు కోర్సులు. నేనూ అక్కడే మొదలుపెట్టాను. అక్కడా, తర్వాత పనిలోనూ గమనించిందేంటంటే, మనకి అడ్డొచ్చేది తెలుగు కానే కాదు. మధ్యలో కూర్చున్న ఇంగ్లీషే.

ఉచ్చారణే తీసుకోండి. స్వీడిష్‌లో 'టి' అక్షరం పలికేది మన 'త' లాగా, నాలుక పళ్ళకి తగిలిస్తూ. థాంక్స్ చెప్పే మాట 'తక్'. ఇంగ్లీషు 'టి'ని మనం చిన్నప్పటినుంచీ 'ట' అంటాం కాబట్టి 'టక్' అనేస్తాం. పోనీ 'ట' వాళ్ళకి లేదా అంటే, అదీ ఉంది. 'ఆర్' తర్వాత 'టి' వస్తే రెండూ కలిసి 'ట' అవుతాయి, 'డి' వస్తే 'డ' అవుతాయి. దక్షిణాన స్కోనె వైపు అలా పలకరు గానీ మా వైపు అంతే. త-ట, ద-డ తేడా మనకి అక్షరాభ్యాసంతోనే వచ్చేసింది. ఇంగ్లీషుని పక్కకి తప్పిస్తే చాలు, నాలుకకి దారి తెలుసు. ఇంగ్లీషు 'ది' చేసే పనిని కూడా ఇక్కడ పదం చివర తగిలించిన తోకే చేస్తుంది. ఇల్లు 'హూస్', ఆ ఇల్లు 'హూసెత్'. ఇంటికి, ఇంట్లో, ఇంటినుంచి అంటూ చివర తగిలించడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు కదా.

అసలు కష్టం క్రియతో. తెలుగులో క్రియ చివర వస్తుంది. వాక్యం అంతా నడిపించి, చివరికొచ్చాక తిన్నదో తినలేదో తేల్చొచ్చు. స్వీడిష్ మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉండి తీరాలి. 'ఇవాళ' అని మొదలుపెడితే వెంటనే క్రియ, ఆ తర్వాతే 'ఆవిడ'. 'ఈ దాగ్ హార్ హూన్ ఇంతె ఏతిత్', అంటే ఇవాళ ఆవిడ తినలేదు అని. అదే విషయం 'ఆవిడ తినలేదని నర్సుకి చెప్పాను' లాంటి వాక్యంలో లోపలి భాగమైతే, 'ఇంతె' అనే ఆ 'లేదు' మాట ముందుకు జరిగి 'హార్' కంటే ముందే కూర్చుంటుంది. టీచర్లు దీన్ని 'బిఫ్' అనే పొడి పేరుతో గుర్తుపెట్టిస్తారు. రూలు ఒక పూటలో తెలిసిపోతుంది. నోటికి అలవాటవ్వడానికి మాత్రం, వాక్యం మొదలుపెట్టేటప్పటికే ఏం చెప్పాలో తేల్చుకోవడం నేర్చుకోవాలి. నా మటుకు స్వీడిష్‌లో ఆలోచించడమంటే ముఖ్యంగా ఇదే. పదాలు ఎన్నొచ్చన్నది ఆ తర్వాతి సంగతి.

ఇది నాకు నేర్పింది పొద్దున్నే జరిగే రిపోర్టు. రాత్రి డ్యూటీవాళ్ళు దిగిపోతూ ఎవరెలా ఉన్నారో మాకు అప్పజెప్పే పది నిమిషాలు. 'రాత్రంతా నిద్రపోకుండా కారిడార్లో తిరిగి ఇందాకే పడుకున్న ఆవిడని ఇప్పుడు లేపొద్దు' అని నేను తెలుగులో అనుకుంటాను. అసలు మాట చివర్లో ఉంది. వాళ్ళు ముందే 'లేపకండి' అంటారు, ఎవరిని, ఎందుకు అన్నవి వరసగా వెనక వస్తాయి. కొన్నాళ్ళకి కళ్ళతో చూసేదే ఆ వరసలో కనబడటం మొదలైంది. గదిలోకి అడుగుపెట్టగానే, ప్లేటు ముట్టుకోలేదు, కాళ్ళు వాచాయి అంటూ చేతికందే ముక్కలుగా మనసులో పడేవి. డ్యూటీ చివర కంప్యూటర్లో రాయాల్సిన నోట్స్ అప్పటికే సగం తయారై ఉండేవి.

టైం కూడా అలాంటిదే. మన ఏడున్నరలో ఏడు గడిచి అర అయింది. వాళ్ళకి ఎనిమిదివైపు అర నడిచింది, 'హల్వ్ ఒత్తా'. ఏడూ ముప్పై అయిదైతే 'ఎనిమిదివైపు అరకి అయిదు దాటింది' అన్నట్టు చెబుతారు. దీన్ని లెక్కకట్టి అర్థం చేసుకోవడం దండగ. గోడమీది ముల్లు చూస్తూ అదే మాట రోజూ పైకి అనుకోవడమే మార్గం. సెలవులు, షిఫ్టులు ఏడాదిలో ఎన్నో వారమో చెప్పే నంబర్లతో నడుస్తాయి. ఫ్యాక్టరీలవాళ్ళు సంప్రదాయంగా వేసవి సెలవు తీసుకునేది 28 నుంచి 31 వారాల్లో. నాకు ఇప్పుడు జులై అంటే ముందు వారం నంబరే తడుతుంది.

అన్నిటికంటే ఆలస్యంగా కుదిరింది పిలుపు. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టి, 'దూ', అంటే 'నువ్వు' అనే పిలుస్తారు. ఇది పాత ఆచారమేమీ కాదు. అంతకుముందు హోదాలతో, ఇంటిపేర్లతో పిలిచేవారు. 1960ల చివర్లో మారింది. 1967లో ప్రభుత్వ వైద్య శాఖ పెద్దగా వచ్చిన బ్రూర్ రెక్సేద్, సిబ్బంది అందరినీ 'దూ' అనే పిలుస్తానని ప్రకటించడం ఆ మార్పుకి గుర్తుగా నిలిచిపోయింది. 'దూ' అన్నప్పుడల్లా వెనకాల 'నువ్వు' వినబడినంత కాలం, మా నాయనమ్మ వయసున్న మనిషిని అలా అనడానికి నోరు రాలేదు. లోపల తెలుగు చేసుకోవడం ఆగాక ఆ ముల్లు పోయింది. వాళ్ళ గౌరవం ఉండే చోట్లు వేరే. తలుపు కొట్టి ఆగడం, స్నానానికి తీసుకెళ్ళేముందు ఇష్టమేనా అని నిజంగా అడగడం, వద్దంటే వద్దని వినడం.

1950, 60ల్లో వెస్తెరోస్ ఫ్యాక్టరీలకి ఫిన్లాండ్ నుంచి చాలామంది పనికొచ్చి స్థిరపడ్డారు. మా దగ్గర ఉన్న ఒక పెద్దాయన జీవితమంతా స్వీడిష్‌లో పనిచేశాడు. ఇప్పుడు నొప్పి వస్తే ఫిన్నిష్‌లోనే చెబుతాడు. స్వీడన్ గుర్తించిన అయిదు జాతీయ అల్పసంఖ్యాక భాషల్లో ఫిన్నిష్ ఒకటి. ఆ భాషలో వృద్ధుల సంరక్షణ కోరే హక్కుని కొన్ని మునిసిపాలిటీల్లో 2010 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇస్తోంది. ఆయనతో మాట్లాడటానికి ఫిన్నిష్ వచ్చిన సహోద్యోగిని పిలుస్తాం. ఆమె వచ్చి ఆయన మాటల్లో పలకరించగానే బిగిసిన భుజాలు వదులవుతాయి. అది చూసినప్పట్నుంచి ఇంట్లో మా అమ్మాయితో తెలుగు మాటే మాట్లాడుతున్నాను, పూర్తిగా, స్వీడిష్ ముక్కలు కలపకుండా. రెండు భాషలూ దేనికది నిండుగా ఉండాలన్నదే నా పట్టుదల.

కొత్తగా వచ్చిన మన అమ్మాయిలు ఎలా మొదలుపెట్టాలని అడిగితే, యాప్‌ల గురించి నేను పెద్దగా చెప్పను. స్వీడిష్ రేడియోలో సులభమైన భాషలో వార్తలు వస్తాయి, ఒక్కో వాక్యం ఆపి అదే ఊపుతో పైకి అనమంటాను. 'ఒత్తా సీదోర్' అనే తేలిక భాష పత్రిక చదవమంటాను. లైబ్రరీల్లో స్వీడిష్ మాట్లాడటం సాధన చేయడానికి జరిగే భాషా కెఫేకి వెళ్ళి, అవతలివాళ్ళు ఇంగ్లీషులోకి మారినా మీరు మారొద్దంటాను. గిన్నెలు కడుగుతూ చేస్తున్న పనిని స్వీడిష్‌లో చెప్పుకోమంటాను. రాని మాట దగ్గర ఇంగ్లీషుకి పోకుండా, తెలిసిన మాటలతోనే చుట్టుతిరిగి వెళ్ళాలి.

నర్సు మాకు అనుమతి రాసిస్తే మందులు మేమే అందిస్తాం. మాత్రలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఇప్పటికీ ఒకటి, రెండు, మూడు అనే అనుకుంటాను. దాన్ని మార్చే ఉద్దేశం లేదు. లెక్క తప్పకూడదు, నాకు తప్పని లెక్క తెలుగులో ఉంది. సంతకం పెట్టే కాగితం మీద రాసేది స్వీడిష్‌లో.