అరతులం వెండి మీద నిలబడ్డ గుడారం

బైబిల్లోని నిర్గమకాండం 30వ అధ్యాయంలో ధూపవేదిక గురించి చెప్పాక, ఇత్తడి గంగాళం గురించి చెప్పకముందు ఒక ఆరు వచనాలున్నాయి, 11 నుంచి 16 వరకు. చాలాసార్లు వాటిని గబగబా చదివేసి ముందుకు వెళ్లిపోతాం. నాకు మాత్రం ధర్మశాస్త్రంలో దేవుని మనసు బాగా తెలిసే చోట్లలో ఇదొకటి.

ఇశ్రాయేలు జనాన్ని లెక్కపెట్టినప్పుడు ఇరవై ఏళ్లు, ఆ పైబడిన ప్రతివాడూ తన ప్రాణానికి క్రయధనంగా అరతులం వెండి యెహోవాకు ఇవ్వాలి. తులానికి ఇరవై చిన్నాలు కాబట్టి పది చిన్నాలన్నమాట. అలా ఇస్తే లెక్క వల్ల వాళ్ల మీదికి తెగులు రాదు. ఆ వెంటనే ఇంకో మాట: ధనవంతుడు అంతకంటే ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు.

బీదవాణ్ణి తగ్గించవద్దనడం సరే, ఉన్నవాడు సంతోషంగా ఇంకాస్త ఇస్తానంటే ఎందుకు వద్దనాలి? అన్ని అర్పణలకూ ఈ నియమం లేదు కదా. పాపపరిహారార్థం గొర్రెను తేలేనివాడు రెండు పావురాలు తేవచ్చు, అదీ లేకపోతే కొంచెం గోధుమపిండి చాలు. ఎడారిలో దేవుని ఆరాధనకు కట్టిన గుడారం పనికి బంగారం, రంగురంగుల నూలు ఎవరి మనసుకు తోచినంత వాళ్లు తెచ్చారు. గుడారం ద్వారం దగ్గర సేవచేసే స్త్రీలు తమ అద్దాలే ఇచ్చేశారు, గంగాళం వాటితోనే చేశారు. అక్కడ ఎంత ఇచ్చినా ఆనందమే. ప్రాణానికి బదులు ఇచ్చేచోట మాత్రం అందరికీ ఒకటే వెల. ఇంకొంచెం ఎక్కువ పెట్టి తన ప్రాణం పక్కవాడి ప్రాణం కంటే విలువైనదని చెప్పుకునే అవకాశం ఎవరికీ లేదు.

ఆ వెండి ఏమైందో 38వ అధ్యాయం చెబుతుంది. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవాల్సిన భాగమిది. లెక్కకు వచ్చినవాళ్లు 6,03,550 మంది. తలకు అరతులం చొప్పున 3,01,775 తులాలు. మూడు వేల తులాలు ఒక మణుగు కాబట్టి నూరు మణుగులూ, పైన 1,775 తులాలూ. ఆ నూరు మణుగులతో నూరు దిమ్మలు పోతపోశారు. గుడారం పలకలు 48, ఒక్కోదాని కింద రెండేసి దిమ్మలు. మిగిలిన నాలుగు అడ్డతెర స్తంభాల కింద. ఒక్కో దిమ్మలో ఆరు వేల మంది వెండి కరిగి కలిసిపోయింది. అందులో గోత్రపు పెద్దది ఏదో, పశువులు కాసుకునేవాడిది ఏదో ఎవరూ చూపించలేరు. పలకలకు పొదిగిన బంగారం పైకి కనబడుతుంది, కానీ ఆ పలకలు నిలబడింది ఈ వెండి మీదే. మందిరం కట్టినప్పుడల్లా చందాల వరుసలో పెద్ద మొత్తం పేరు ముందు చెక్కించే మనం ఈ అధ్యాయం దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది.

తర్వాతి కాలంలో రాజైన దావీదు కూడా జనాన్ని లెక్కపెట్టించాడు. అతని సేనాపతి యోవాబు వద్దని చెప్పినా వినలేదు. తొమ్మిది నెలల ఇరవై రోజులు తిరిగి, కత్తి దూయగలవాళ్లు ఎంతమందో లెక్క తెచ్చారు. ఆ కథలో ఎక్కడా అరతులం ప్రస్తావన రాదు. తెగులు వచ్చింది, 70,000 మంది చనిపోయారు. దేవుని సొత్తును రాజు తన బలంగా లెక్కేసుకున్నాడని నేను అర్థం చేసుకుంటాను. అరతులం ఇచ్చినవాడికి ఆ పొరపాటు రాదు. తాను ఎవరివాడో అతను చేత్తో ఇచ్చి మరీ ఒప్పుకున్నాడు.

యేసు కాలానికి ఇది దేవాలయపు పన్నుగా నడుస్తోంది. కపెర్నహూములో వసూలు చేసేవాళ్లు యేసు శిష్యుడైన పేతురును, మీ బోధకుడు కట్టడా అని అడిగారు. కుమారులు కట్టనక్కర్లేదని యేసే అన్నాడు, అయినా వాళ్లకు అభ్యంతరం కలగకూడదని పేతురును గాలం వేయమని సముద్రానికి పంపాడు. చేప నోట్లో దొరికింది ఒక్క షెకెలు (ఇంతవరకు తులం అన్నది దీన్నే), సరిగ్గా ఇద్దరికి సరిపోయేది. నా కోసం, నీ కోసం ఇవ్వమన్నాడు. దేవుని కుమారుడు తన వంతుగా కట్టిందీ, జాలరి పేతురు వంతుకు వచ్చిందీ ఒకటే, సగం షెకెలు.