కింది ఫ్లాటు స్లాబు

పొద్దున పాలు పొయ్యి మీద ఉండగానే కింది ఫ్లాటు ఆంటీ వచ్చారు. గొడవకి కాదు, "ఒక్కసారి కిందికొచ్చి చూడమ్మా" అన్నారంతే. వెళ్లి చూస్తే వాళ్ల బాత్రూం పైన స్లాబు చేటంత మేర నల్లబడి పెచ్చులు లేచి ఉంది, కింద బకెట్ పెట్టుకున్నారు. చుక్క పడ్డప్పుడల్లా టప్పుమని చప్పుడు. నాకు నోట మాట రాలేదు. సరిగ్గా దాని పైనే మా బాత్రూం, నాలుగు నెలల కిందట 1,80,000 పెట్టి కొత్తగా చేయించుకున్నాం.

మధ్యాహ్నం వేరే ప్లంబర్‌ని పిలిచి, నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ పక్క టైల్ ఒకటి తీయించాం. అడుగున ఇసుక తడిసి ముద్దగా ఉంది. ట్రాప్ చుట్టూ సందు సరిగా పూడ్చలేదు, వాటర్‌ప్రూఫింగ్ పూత జాడే లేదు. "టైల్స్ వేసేముందు నీళ్లు నిలబెట్టి చూశారా మేడమ్?" అని అడిగాడు. ట్రాప్‌కి గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వదిలేస్తే, కిందికి దిగేదీ లేనిదీ అప్పుడే తెలిసిపోతుందట. మా కాంట్రాక్టర్ ఆ పని చేయలేదు. అడగాలని మాకు తెలీదు.

అతనికి ఫోన్ చేస్తే "పాత పైపులు లీకై ఉంటాయి, నాకేం సంబంధం" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. వాట్సాప్‌లో వెనక్కి వెళ్లి వెతికితే అతను పంపిన కొటేషనే దొరికింది, అందులో "వాటర్‌ప్రూఫింగ్ రెండు కోటింగులు, 14,000" అని రాసి ఉంది. డబ్బంతా యూపీఐలో పంపిందే. మళ్లీ పగలగొట్టి బాగుచేయించేస్తే చూపించడానికేమీ మిగలదని, తీసిన టైలూ తడి ఇసుకా ఆంటీ వాళ్ల స్లాబూ అన్నీ తేదీ పడేలా ఫొటోలు తీశాను. తమ్ముడేమో ముందు గడువు పెట్టి రాతపూర్వకంగా అడగమన్నాడు, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయాలి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. అక్కడ కేసు రెండేళ్లలోపు వేయాలి, కట్టిన డబ్బు 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా ఉండదు.

కాంట్రాక్టర్ డబ్బిచ్చాకే ఆంటీ వాళ్లది చేయిద్దామన్నారు మావారు. నేను ఒప్పుకోలేదు. ఆ కాంట్రాక్టర్‌ని పిలిచింది మనం, ఆంటీ కాదు కదా. ఆవిడ ఇంట్లోకి నీళ్లు దిగింది మన ఇంట్లోంచి. వాళ్ల స్లాబు బాగుచేయించడం, పెయింట్ వేయించడం మన ఖర్చే, అతని దగ్గర రాబట్టుకోవడం మన తిప్పలు. కాసేపు గట్టిగానే వాదించుకున్నాం, చివరికి సరేనన్నారు.

సాయంత్రం వెళ్లి ఆ మాటే ఆంటీకి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకున్నారు. పొద్దున్నుంచీ ఆ బాత్రూం వాడటం మానేశాం. రాత్రి ఫోన్ చేసి అడిగితే చుక్కలు తగ్గాయన్నారు, బకెట్ మాత్రం ఇంకా తీయలేదట.