కోనసీమ దిండి పక్కన హోమ్‌స్టే: ఖాళీ నెలలు నింపుకోవడంలో నా అనుభవం

సంక్రాంతికి కోనసీమలో గది నిండటం ఏమంత గొప్ప కాదు. జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలనుకునేవాళ్లు ముందే ఫోన్ చేసి పెట్టుకుంటారు, భీష్మ ఏకాదశికి అంతర్వేది స్వామి కల్యాణం జనం ఎలాగూ ఉంటారు. ఆ రోజుల కోసం పైసా ప్రచారం చేయను. అసలు పని ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా. దానికి నేను గోడ మీది తెలుగు క్యాలెండర్ దించి, ఏ నెలలో ఏం దొరుకుతుందో నల్ల ఇంకుతో, ఏం దొరకదో ఎర్ర ఇంకుతో రాసుకుంటాను. గిట్టుబాటు చేసేది ఎర్ర ఇంకే.

కాగితాల పని పెద్దదేం కాదు. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం కింద నమోదుకు యజమాని అదే ఇంట్లో ఉండాలి, గదులు ఆరుకు మించకూడదు. వండిపెడితే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో తెలపాలి.

వేసవిలో ఎర్ర ఇంకు మొదటి గీత ఏప్రిల్ 15 మీద పడుతుంది. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో మోటారు పడవల వేట బంద్. అప్పుడు కూడా 'తాజా సముద్రపు చేప' అని మెనూలో ఉంచితే ఐసు పెట్టెలోంచి తీసింది వడ్డించాల్సి వస్తుంది, తిన్నవాడికి ఇట్టే తెలిసిపోతుంది. అందుకే ఆ రెండు నెలలూ చెరువు రొయ్య, ముంజలు, మామిడి అని రాస్తాను. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో ఎవరినీ బయటికి తిప్పను.

జూలై నుంచి గోదావరికి ఎర్రనీరు. అప్పుడు దొరికేది పులస చేప. సముద్రంలో ఉన్నంతకాలం అదే చేప విలస, ఏటికి ఎదురీదాక పులస. ధర ఏ రోజుకారోజు మారుతుంది కాబట్టి ప్యాకేజీలో కలపను, కొన్న ధరకే బిల్లు వేస్తాను. విలసనే పులస అని అంటగట్టేవాళ్లు ఉంటారు, నమ్మకమైన వలవాడు లేకపోతే ఆ జోలికి పోవద్దు. మట్టి దాకలో, సన్న సెగ మీద, బెండకాయ ముక్కలు వేసి వండాలి. గరిటె పెడితే ముక్క చెదురుతుంది, దాక పట్టుకుని కుదపాలి. ఆ పులుసు మర్నాటికి గానీ రుచికి రాదు. ఒక్క రాత్రికి వచ్చేవాళ్లకి ఈ సంగతి చెప్తే రెండో రాత్రి వాళ్లే అడుగుతారు!

పడవ విషయంలోనే కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. 'రోజూ పదింటికి అన్నాచెల్లెళ్ల గట్టు' (ఏరు సముద్రంలో కలిసే చోటు) అని బోర్డు పెట్టేస్తారు. పోటు, అంటే సముద్రపు నీరు ఏట్లోకి ఎక్కే వేళ, రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈరోజు పదింటికి నిండుగా ఉన్న ఏరు వారం తిరిగేసరికి అదే వేళకి నీరు దిగిపోయి పాటులో ఉంటుంది, పడవ ఇసుక మేట మీద కూర్చుంటుంది. అమావాస్య, పౌర్ణమికి పోటుపాట్లు పెద్దవి, అష్టమి నవములకి తక్కువ. తిథి చూసి, పడవ నడిపే సరంగుని అడిగి, ముందు రోజు సాయంత్రమే వేళ చెప్తాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వస్తే పడవ లేదు, డబ్బు వాపసు. అది బుకింగ్‌లోనే రాసిపెడతాను. ఫోటోలు కూడా వానాకాలంవి వేరుగా పెట్టాలి. ఇక్కడి సముద్రం ఒండ్రు కలిసిన మట్టి రంగు, నీలం చేసి చూపిస్తే వచ్చినవాడు మొదటి సాయంత్రమే మొహం చిన్నబుచ్చుకుంటాడు.

కార్తీకంలో పంచారామాల యాత్రికులు వస్తారు. పాలకొల్లు, భీమవరం దగ్గరే. వాళ్లు ముందు అడిగేది వంటగది గురించి: ఉల్లి, వెల్లుల్లి తగలని గిన్నెలు వేరుగా ఉన్నాయా అని. ఉన్నాయంటే సోమవారాలు నిండుతాయి. తుపాన్ల కాలమూ అదే. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది. వాతావరణ శాఖ హెచ్చరిక మన జిల్లాకి వచ్చిందంటే, అతిథి అడగకముందే నేనే ఫోన్ చేసి తేదీ మార్చుకోమంటాను, వద్దంటే అడ్వాన్సు తిరిగిచ్చేస్తాను. అక్టోబర్ మొదటి వారంలోనే కప్పు మీదికి వాలిన కొబ్బరిచెట్ల ఎండు మట్టలు, గెలలు దింపించాలి. గాలికి పెంకులు పగిలేది ఎక్కువగా వాటివల్లే.