చెట్టుకి చిక్కిన ఈగ

చేపల్ని పట్టడానికి రాత్రి మూడు గంటలసేపు కూర్చుని కట్టిన ఉత్తుత్తి ఈగ, మొదటిసారి విసరగానే వెనకున్న చెట్టుకొమ్మకి తగులుకుంది.

న్యూయార్క్ రాష్ట్రం, క్యాట్‌స్కిల్ కొండల్లో రాస్కో అనే చిన్న ఊరు. విల్లోవీమాక్ వాగు బీవర్‌కిల్ నదిలో కలిసే మడుగు దగ్గర ఏటా ఏప్రిల్ 1న ట్రౌట్ చేపల వేట సీజన్‌కి జనం చలిలో వణుకుతూ చేరతారు. ఈసారి మా పక్కింటి పెద్దాయన నన్నూ లాక్కెళ్లారు.

భీమవరంలో కాలవ గట్టు మీద మా తాతయ్య గాలానికి వానపాముని గుచ్చి వదిలేవాడు. ఇక్కడి ఈ పద్ధతిలో నిజం ఎర ఉండదు. చిన్న కొక్కేనికి దారం, పుంజు మెడ ఈక చుట్టి, నీటి మీద వాలిన పురుగులా చేస్తారు, దాన్నే ఈగ అంటారు. (మా వైపు పుంజుల్ని పందేనికి పెంచితే, వీళ్లు ఈకల కోసం ప్రత్యేకంగా పెంచుతారు!) ఈగకి బరువుండదు కదా, దాన్ని మోసుకెళ్లేది లావుపాటి తాడు బరువే. వెనక్కి వెళ్లిన తాడు పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకి విసరాలి. అంత ఓపిక నాకెక్కడిది?

1890లో ఇంగ్లండ్ నుంచి చేపల వేట గురించి పుస్తకాలు రాసిన హాల్‌ఫర్డ్ పంపిన ఈగల్ని చూసి, థియోడోర్ గోర్డన్ అనే అమెరికన్ ఇక్కడి వాగుల్లోని పురుగులకి తగ్గట్టు కొత్తవి కట్టాడు. ఆయన పేరు మీదున్న 'క్విల్ గోర్డన్' ఈగని ఇప్పటికీ కడుతున్నారు. నేను కట్టిందీ అదే, కాకపోతే చీపురుపుల్లలా వచ్చింది.

పెద్దాయన నవ్వలేదు. తన టోపీకి గుచ్చుకున్న వాటిలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. చేప పడలేదు. ఆ ఈగ ఇప్పుడు నా టోపీకి ఉంది.