బో ఖో: నానబెట్టేది వియత్నాం, క్యారెట్ వేసేది ఫ్రాన్స్

బో ఖో వియత్నాం వాళ్ల గొడ్డుమాంసం కూర. వియత్నామీస్‌లో ‘బో’ అంటే గొడ్డుమాంసం. ‘ఖో’ అంటే ఉప్పూ తీపీ కలిసిన రసంలో నెమ్మదిగా మగ్గబెట్టడం. చేపనీ పంది మాంసాన్నీ ఫిష్ సాస్‌లో (చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే రసం) ఇలా వండుకోవడం అక్కడ పాత పద్ధతే. ఎద్దు మాత్రం చాలాకాలం నాగలికీ బండికీ పనికొచ్చే పశువు. 1859లో ఫ్రెంచివాళ్లు సైగాన్ పట్టుకున్నాక గొడ్డుమాంసం, క్యారెట్, బ్రెడ్డు అక్కడి వంటిళ్లలో బాగా పాతుకున్నాయి. క్యారెట్‌ను ఇప్పటికీ ‘కా రొత్’ అనే అంటారు, ఫ్రెంచి మాటే అది. ఈ కూరలో నిమ్మగడ్డి, అనాసపువ్వు, దాల్చినచెక్క, ఫిష్ సాస్ ఒకవైపు నుంచి వచ్చాయి. టమాటా పేస్టు, క్యారెట్, పక్కన నంజుకునే బ్రెడ్డు రెండోవైపు నుంచి. అన్నీ చక్కగా కలిసిపోతాయి గానీ, ఒక్కచోట మాత్రం రెండు పద్ధతులకీ పడదు. ఫ్రెంచి పద్ధతిలో మాంసం పొడిగా ఉంటేనే ఎర్రగా వేగుతుంది. వియత్నాం పద్ధతిలో అది ఫిష్ సాస్‌లో తడిసి నానాలి. నానిన ముక్కల్ని అలాగే మూకుట్లోకి వంపితే వేగవు, ఉడుకుతాయి. చాలామంది బో ఖో చప్పగా, బూడిదరంగుగా రావడానికి కారణం ఇదే.

ముందు మాంసం సంగతి. పిక్కముక్క, ఛాతీముక్క కలిపి ఒక కిలో తీసుకోండి. పిక్కలో నరం ఉంటుంది, ఛాతీలో కొవ్వు ఉంటుంది, ఈ కూరకు రెండూ కావాలి. తొడలోని మెత్తటి ముక్క ఖరీదెక్కువ, కానీ ఇక్కడ పనికిరాదు. అందులో కరిగి జిగురయ్యే నరం లేదు కాబట్టి రెండు గంటలు ఉడికేసరికి పీచుపీచుగా ఎండిపోతుంది. ముక్కలు 4–5 సెంటీమీటర్లు ఉండాలి. ఉడికాక మూడోవంతు కుంచించుకుపోతాయి, చిన్నగా కోస్తే చివరికి తునకలే మిగులుతాయి.

నానబెట్టడానికి ఫిష్ సాస్ 2 పెద్ద చెంచాలు, పంచదార ఒక పెద్ద చెంచా, తురిమిన అల్లం, వెల్లుల్లి ఒక్కో పెద్ద చెంచా, ఐదు మసాలాల పొడి (ఫైవ్ స్పైస్ పౌడర్) ఒకటిన్నర టీస్పూను, మిరియాల పొడి అర టీస్పూను. గంట చాలు, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా మంచిదే. ఇందులో నిమ్మరసం మాత్రం పిండకండి. పులుపు చివర్లో, గిన్నెలోనే.

ఈలోగా కూరకు ఎర్రరంగునిచ్చే జాఫ్రా (అనాటో) నూనె. 4 పెద్ద చెంచాల నూనెలో ఒక పెద్ద చెంచా జాఫ్రా గింజలు వేసి చిన్న మంట మీద పెట్టండి. గింజల చుట్టూ సన్నటి బుడగలు లేచి, రెండు మూడు నిమిషాల్లో నూనె కుంకుమరంగుకు తిరుగుతుంది. ఆ క్షణంలోనే దించి వడకట్టాలి. ఇంకో నిమిషం ఆగితే ఎరుపు పోయి పసుపు తిరుగుతుంది, గింజలు నల్లబడి చేదు దిగుతుంది. అలా అయితే పారబోసి మళ్లీ మొదలుపెట్టండి, ఆ చేదును ఏదీ కప్పలేదు.

ఇప్పుడు ఆ పేచీ తేల్చాలి. నానిన ముక్కల్ని జల్లెడలో వేసి ఊటను గిన్నెలోకి కారనివ్వండి. పారబొయ్యొద్దు, తర్వాత పనుంది. ముక్కలకు అంటిన అల్లం, వెల్లుల్లి తునకలను చేత్తో దులిపి, కాగితంతో ఒత్తి తుడవండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో జాఫ్రా నూనె వేడిచేసి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా మూడు వాయిల్లో వేయించాలి. పంచదార ఉంది కాబట్టి పెద్ద మంట పనికిరాదు, మధ్యస్థంగా ఉండాలి. అడుగుకు అంటుకున్న ముక్కను బలవంతాన పీకకండి, వేగాక అదే వదులుతుంది. చిటపట ఆగి బుసబుసమంటోందంటే నీరు ఊరినట్టే, ముక్కలు ఎక్కువయ్యాయన్నమాట, సగం బయటికి తీసేయండి. రెండు వైపులా ఎర్రబడితే చాలు.

అదే గిన్నెలో ఒక ఉల్లిపాయ ముక్కలు వేసి మెత్తబడనివ్వండి. బాగా ఎర్రగా వేయించే అలవాటుంటే ఇక్కడ పక్కన పెట్టాలి, తీపి ఇప్పటికే సరిపడా ఉంది. 2 పెద్ద చెంచాల టమాటా పేస్టు వేసి, రంగు ఇటుకరంగుకు దిగేదాకా రెండు నిమిషాలు కలపండి. పచ్చివాసన ఇక్కడ పోకపోతే చివరిదాకా ఉంటుంది. తర్వాత దాచిన ఊట పోసి అడుగంటిన ఎరుపునంతా గీకండి. మాంసం, 3 నిమ్మగడ్డి కాడలు, 3 అనాసపువ్వులు, వేలెడంత దాల్చినచెక్క, అర లీటరు కొబ్బరినీళ్లు, ముప్పావు లీటరు మామూలు నీళ్లు చేర్చండి. కొబ్బరినీళ్లు పంచదార కలపనివై ఉండాలి. నిమ్మగడ్డిని కత్తి వెనకవైపుతో చితక్కొట్టి, దారంతో కట్టకట్టి వేయండి, లేకపోతే పీచులు పళ్లలో ఇరుక్కుంటాయి. అనాసపువ్వులు మూడే. ఐదారు వేస్తే కూర మందు వాసన కొడుతుంది. గంట తర్వాత వాసన చాలనిపిస్తే వాటిని తీసేయొచ్చు.

మంట బుడగ అప్పుడొకటి అప్పుడొకటి లేచేంతే ఉండాలి. కుతకుత ఉడికితే పీచు బిగిసి రసం బయటికి పిండేస్తుంది, కొవ్వు రసంలో చిలికి కూర మురికిగా కనిపిస్తుంది. గంట దాటాక ఒక ముక్క కొరికి చూస్తే రబ్బరులా ఉంటుంది. కంగారుపడి మంట పెంచేది అప్పుడే. పెంచకండి. నరం కరగడానికి వేడి కంటే సమయం ముఖ్యం. రెండు, రెండున్నర గంటలకు పిక్కముక్కలోని తెల్లటి నరం గాజులా మారి ఫోర్కు దిగుతుంది. గేదె మాంసమైతే ఇంకో అరగంట పైన పడుతుంది. కుక్కర్లో అయితే నీళ్లు సగానికి తగ్గించి, ఆవిరి పట్టాక సన్నటి సెగ మీద 30 నిమిషాలు ఉంచి, ఆవిరిని దానంతట అదే పోనివ్వాలి. గబుక్కున వదిలితే ముక్క ఎండుతుంది.

400 గ్రాముల క్యారెట్ పెద్ద ముక్కలు ఆఖరి 25 నిమిషాలకే వేయాలి. మొదట్లోనే వేస్తే కరిగి రసం తియ్యబడుతుంది. ఇంకో చెంచా ఫిష్ సాస్ కూడా చివర్లోనే, రుచి చూసుకుంటూ. రసం ఇగిరేకొద్దీ ఉప్పు పెరుగుతుంది, ముందే సరిచూసుకుంటే చివరికి కషాయమే.

కారానికి ‘స తే’ అనే మిరప నూనె ఉంది. 100 మిల్లీలీటర్ల నూనెలో సన్నగా తరిగిన నిమ్మగడ్డి 2 పెద్ద చెంచాలు, వెల్లుల్లి ఒక పెద్ద చెంచా వేసి చిన్న సెగ మీద లేతగా రంగు మారనివ్వండి. దించి, ఒక నిమిషం ఆగి, 2 పెద్ద చెంచాల మిరప తునకలు కలపండి. పొయ్యి మీదుండగా వేస్తే మాడుతుంది, గొంతు పడుతుంది. ఒక చెంచా కూరలోకి, మిగతాది బల్ల మీదికి.

బ్రెడ్డుతో తినేట్టయితే మూత తీసి చిక్కగా ఇగరనివ్వండి. బియ్యపు నూడుల్స్ మీద పోసుకునేట్టయితే పలచగానే ఉంచండి. పిండి కలిపి చిక్కబరిచేవాళ్లున్నారు, నరం సరిగ్గా కరిగిన కూరకు ఆ అవసరం రాదు. మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీస్తే కూర జెల్లీలా గట్టిపడి, పైన జాఫ్రా రంగు కొవ్వు పేరుకుని ఉంటుంది. కొవ్వు సగం తీసేసి చిన్న సెగ మీద కరగబెట్టండి. థాయ్ తులసి ఆకులు, నిమ్మరసం మాత్రం వడ్డించాక, ఎవరి గిన్నెలో వాళ్లే వేసుకోవాలి.