ఒక్క పదం మర్చిపోయినందుకు

పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ (ఒక రకం లైనక్స్) వేసి, ఫోటోలు దాచుకునే చిన్న సర్వర్‌గా మార్చి మూడు నెలలైంది. నిన్న రాత్రి దాని యూఎస్‌బీ డిస్క్ పీకి వేరే పనికి వాడుకుని, తిరిగి పెట్టడం మర్చిపోయా. పొద్దున రీస్టార్ట్ చేస్తే 90 సెకన్లు ఎదురుచూసి, చివరికి ఎమర్జెన్సీ మోడ్ (మామూలుగా లేవలేనప్పుడు మరమ్మతు కోసం వచ్చే తెర) అంటూ నల్ల తెర. ఒకటే టెన్షన్! మళ్ళీ ఇన్‌స్టాల్ చేద్దామని పెన్‌డ్రైవ్ కూడా వెతికా.

తప్పు నాదే. ఏ డిస్క్‌ని ఎక్కడ తగిలించాలో సిస్టమ్‌కి చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఆ డిస్క్ లైన్ రాసేటప్పుడు ‘నోఫెయిల్’ అనే ఆప్షన్ పెట్టలేదు. అది లేకపోతే, డిస్క్ కనబడనంత మాత్రాన సిస్టమ్‌డీ (లైనక్స్‌ని లేపే ప్రోగ్రామ్) మామూలు బూట్‌నే ఆపేస్తుంది. రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ కొట్టి, ఆ లైన్‌లో ఒక్క పదం చేర్చి రీబూట్ చేస్తే లేచి కూర్చుంది.

పనిలో పనిగా, డిస్క్ పేరు ‘ఎస్‌డీబీ1’ అని బద్ధకంగా రాసుకున్నది తీసేసి యూయూఐడీ (దానికంటూ ఉండే గుర్తింపు సంఖ్య) పెట్టా. ఇంకో డిస్క్ గుచ్చితే ఆ పేరు మారిపోవచ్చు, యూయూఐడీ మాత్రం మారదు (ఫార్మాట్ చేస్తే తప్ప). ఇకమీదట ఆ ఫైల్ ముట్టుకుంటే, రీబూట్‌కి ముందే, అందులోని డిస్క్‌లన్నీ తగిలించి చూసే ‘మౌంట్ -ఎ’ కమాండ్ కొట్టి చూడాలి. తేడా ఉంటే చాలావరకు అక్కడే అరుస్తుంది.

ఫోటోలంటారా? భద్రంగానే ఉన్నాయి. డిస్కే ఇంకా సొరుగులో ఉంది.