నాలుగు ఏజెన్సీలు, ఒకటే చీపురు: అమ్మ పీఎఫ్ కోసం నేను తిరిగిన తిరుగుడు

మా అమ్మ వరంగల్ దగ్గర ఒక యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో స్వీపర్. అక్కడ చేరి పదకొండేళ్లు. ఈలోపు టెండర్లు మారి ఏజెన్సీలు నాలుగయ్యాయి. వరండా మాత్రం అదే. దాని అవతలి చివర ఊడ్చిన పెద్దమ్మ పర్మినెంట్. ఆమెకు ఒకటే సర్వీసు రిజిస్టర్, దాని మీదే పెన్షన్ వచ్చింది.

నిరుడు అమ్మతో పనిచేసే ఒకామె ఏజెన్సీ మారగానే పీఎఫ్, పెన్షన్ డబ్బులు మొత్తం తీసేసుకుంది. అమ్మా తీద్దామంది. ఆపాను. పీఎఫ్ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు ఉండాలి. మధ్యలో పెన్షన్ డబ్బు తీసుకుంటే లెక్క మళ్లీ మొదటి నుంచి. నెలకు వచ్చేది కనీసం వెయ్యి రూపాయలే కావచ్చు, కానీ వెయ్యి వెయ్యే.

పాస్‌బుక్ చూద్దామంటే మూడో ఏజెన్సీ కొత్త యూఏఎన్ (ఎన్ని చోట్ల పనిచేసినా ఒకటే ఉండాల్సిన పీఎఫ్ నంబర్) తీసిందని అప్పుడు తెలిసింది. పాత నంబర్లో అమ్మ పేరు కూడా తప్పు. ఓటీపీ కోసం ఆధార్‌కు ఫోన్ నంబర్ లింక్ చేయిద్దామని సెంటర్‌కు వెళ్తే వేలిముద్ర పడలేదు. ఫినాయిల్, యాసిడ్లతో వేళ్ల గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచారు, వేళ్లు మార్చారు, చివరికి కంటిపాపతో అయింది. "గీతలు కూడా ఏజెన్సోళ్లే పట్టుకపోయిండ్రా బిడ్డా?" అని అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ పాత నంబర్లో పేరు సవరణకు యజమాని సంతకం కావాలన్నారు. ఆ నంబర్ తీసిన పాత ఏజెన్సీ ఆఫీసుకు తాళం. అలా మూసేసిన సంస్థైతే గెజిటెడ్ అధికారి సంతకం చేసినా చెల్లుతుందని పీఎఫ్ ఆఫీసులో ఒక సారు చెప్పారు. నేను చదివిన సర్కారు జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ గారు రెండు నిమిషాల్లో చేసిచ్చారు. ఆ తర్వాత పాత ఖాతా కొత్త నంబర్లోకి మారడం పెద్ద కష్టం కాలేదు, రెండు నెలలు పట్టిందంతే.

అసలు తలనొప్పి వేరే. ఆరు నెలలు జీతం స్లిప్పులో 12 శాతం కోత ఉంది, పాస్‌బుక్‌లో లేదు. పీఎఫ్ వాళ్ల పోర్టల్లో ఫిర్యాదు పెట్టి, యూనివర్సిటీకి కూడా స్లిప్పులు జతచేసి అర్జీ ఇచ్చాను. కాంట్రాక్టర్ కట్టకపోతే చట్టం ప్రకారం ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌దే, అంటే పని చేయించుకునే యూనివర్సిటీదే బాధ్యత. అకౌంట్స్ సెక్షన్లో మొదట "అది ఏజెన్సీ వాళ్ల విషయం" అన్నారు. పీఎఫ్ చలానా చూడకుండా బిల్లు ఎలా పాస్ చేశారని అడిగితే ఫైలు తెప్పించారు. సొంత మనిషిని పెట్టుకోకపోవడం వల్ల వాళ్లకు మిగిలేది ఈ "మాకు సంబంధం లేదు" అనే మాటే అనిపించింది.

నాలుగు నెలల డబ్బు పడింది. రెండు నెలలది నడుస్తోంది. సర్వీసు మాత్రం పదేళ్లు దాటినట్టు చూపిస్తోంది.

మార్చితో ఈ టెండర్ కూడా అయిపోతుంది. కొత్తవాళ్లకు ఇదే నంబర్ ఇవ్వాలని ఆ పన్నెండంకెలను కాగితం మీద రాయించుకుని, అమ్మ ఐడీ కార్డు వెనక టేపుతో అంటించుకుంది.